ఊరు విడిచిన ముగ్గురు - పేరు కొట్టేసింది ఒక్కడిదే



మొన్న మా ఊరి కంట్రోలు దుకాణం ముందు ఒక మాట విన్నాను. విన్నప్పటి నుంచి కడుపులో కుతకుతలాడుతోంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

"దుబాయి పైసలు కావాలె, సర్కారు బియ్యం గూడ కావాలెనా? మీ కడుపులు ఎప్పుడు నిండుతయే?"

ఆ మాట అన్నది ఊళ్ళో పదిహేను ఎకరాల ఆసామి. పడ్డది మా వాడ ఆడబిడ్డ. నాకు చెల్లె వరుస. సంచి చేతిలో పట్టుకుని తల వంచుకుని నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో మనవాళ్ళు కూడా ఉన్నారు. ఆసామి మాట కంటే మనవాళ్ళ నవ్వే నన్ను ఎక్కువ కోసింది.

సంగతి ఇది. ఆ చెల్లె పెనిమిటి పని వెతుక్కుందామని విజిట్ వీసా మీద దుబాయి పోయాడు. ఏజెంటుకు 90,000 కట్టాడు. నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే పని దొరికినా దొరకకున్నా నెలకు 2,700 మిత్తి ఇక్కడ పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లో కార్డు మీద నాలుగు పేర్లు. మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. మనిషికి 6 కిలోల లెక్కన 24 కిలోల బియ్యం. ఇ-కేవైసీ అని చెప్పి కార్డులో ఉన్న ప్రతి మనిషీ దుకాణానికి వచ్చి తంబు వేయాలన్నారు. దుబాయిలో ఉన్న వేలు మన ఊరి మిషను మీదికి ఎట్లా వస్తుంది? పేరు పోయింది. 24 కిలోలు 18 అయినవి.

ఐదు నెలలు తిరిగినా అక్కడ పని కుదరలేదు. ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. పేరు మళ్ళీ ఎక్కించమని మీసేవలో దరఖాస్తు పెట్టాడు. రసీదు ఇచ్చారు. ఆఫీసుకు పోతే "పై నుంచి రావాలె" అన్నారు. ఈ లోపల సెంట్రింగు పనిలో కిందపడి కాలు విరిగింది. ఆస్పత్రిలో కార్డు అడిగారు. కార్డు ఉంది గానీ అందులో ఆయన పేరు లేదు. పాత అప్పు మీద కొత్త అప్పు పడింది.

ఆ రోజు ఆ చెల్లె దుకాణానికి వచ్చింది 6 కిలోల బియ్యం కోసం కాదు. "అన్నా, మా ఆయన బతికే ఉన్నడని, ఊళ్ళెనే ఉన్నడని వీళ్ళకు ఎవరు చెప్పాలె? నువ్వన్న రా" అని నన్ను వెంట తీసుకుపోయింది. అప్పుడే ఆసామి ఆ మాట అన్నాడు.

నేను సర్కారు బడి పంతులును. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు మాట చెప్పడమే నా పని. అయినా ఆ పూట నోటికి జవాబు రాలేదు. ఇంటికొచ్చి రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఆ లెక్కే ఇక్కడ పెడుతున్నాను. ఇంకెక్కడన్నా, ఇంకే దుకాణం ముందన్నా ఈ మాట ఎవరన్నా అంటే మీకు పనికొస్తుంది.

ముగ్గురి లెక్క

బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని మన తెలంగాణ పల్లెల్లో ఒక నానుడి ఉంది. ఊళ్ళో బతుకు లేనివాడు పోయే మూడు తావులు అవి. మా ఊరి నుంచి కూడా చాలామంది దేశం దాటారు. వాళ్ళలో ముగ్గురిని తీసుకుందాం.

మొదటివాడు భూమి ఉన్న ఇంటి కొడుకు. అమెరికాలో ఉద్యోగం. ఇల్లు కూడా అక్కడే. ఇక్కడ ఆయన పేరు మీద పట్టా ఉంది. దున్నేది కౌలుకు తీసుకున్నవాడు. 2018 మే నెలలో రాష్ట్ర సర్కారు రైతుబంధు తెచ్చింది. పంటకు ఎకరాకు 4,000. తర్వాత 5,000 చేశారు. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. దున్నే కౌలుదారుకు రూపాయి లేదు. విదేశంలో ఉన్న పట్టాదారుకు మాత్రం ఇచ్చారు. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్‌లో ఎన్నారైలకు వర్తించదని రాసుకున్నారు. మన రాష్ట్రం పథకంలో ఆ మాట రాయడానికి చేయి రాలేదు. "బాబూ, నువ్వు ఊళ్ళో ఉన్నవా? వచ్చి తంబు వెయ్యి" అని ఆ అమెరికా కొడుకును ఎవరన్నా అడిగారా? "డాలర్లు కావాలె, సర్కారు పైసలు గూడ కావాలెనా?" అని రచ్చబండ మీద ఎవరన్నా నవ్వారా?

రెండోవాడు మా జాతి ఉద్యోగి. అంటే సర్కారు పంతులు. 1996లో ఉమ్మడి రాష్ట్ర సర్కారు ఒక ఉత్తర్వు ఇచ్చింది. విదేశంలో ఉద్యోగానికి పోయే సర్కారు ఉద్యోగికి ఐదేళ్ళ దాకా జీతం లేని సెలవు ఇవ్వొచ్చని. జీతం రాదు, నిజమే. కానీ రిజిస్టరులో పేరు ఉంటుంది. అక్కడ కుదిరితే సరే, కుదరకపోతే తిరిగొచ్చి మళ్ళీ సంతకం పెట్టి కుర్చీలో కూర్చుంటాడు. పోయినవాడు దొంగ అని ఎవరూ అనరు. నాలుగు రాళ్ళు సంపాదించుకుందామని పోయాడు, మంచిదే అంటారు. నేనూ మంచిదే అంటాను.

మూడోవాడు మా చెల్లె పెనిమిటి. భూమి లేదు, ఉద్యోగం లేదు. ఉన్నది రెండు చేతులు, ఒక కార్డు. చేతులు పని కోసం దేశం దాటినవి. కార్డులో పేరు కొట్టేశారు.

ముగ్గురూ ఊరు విడిచారు. ముగ్గురూ బతుకుదెరువుకే పోయారు. మొదటివాడికి పైసలు వచ్చినవి, రెండోవాడికి పేరు మిగిలింది, మూడోవాడికి రెండూ పోయినవి. ఎందుకని? భూమికి ఇచ్చే సాయం భూమిని చూసి ఇస్తారు. ఆ భూమి ఊరు దాటదు గనుక యజమాని ఎక్కడున్నా సర్కారుకు పట్టదు. కూలివాడికి ఇచ్చేది వాడి ఒంటిని చూసి, వాడి వేలిని చూసి ఇస్తారు. ఆ ఒళ్ళు పనికి కదిలిందంటే సాయం తెగిపోతుంది. కదలకపోతే పని దొరకదు. ఇదీ మనకు వేసిన ముడి.

ఇంకో లెక్క కూడా చూడండి. 2025 జనవరిలో రైతుబంధు పేరు రైతు భరోసాగా మార్చారు. సాగుకు పనికొచ్చే భూమికి ఎకరాకు ఏడాదికి 12,000 అన్నారు. అదే జనవరి 26న భూమి లేని కూలి కుటుంబాలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అని తెచ్చారు. ఎంత? కుటుంబం మొత్తానికి ఏడాదికి 12,000. అంటే మన ఇల్లంతా కలిసి ఒక ఎకరాతో సమానం. అది కూడా ఊరికే కాదు. 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసినట్టు మస్టరులో ఉండాలి. భూమి ఉన్నవాడు చెమట లెక్క చూపించక్కర్లేదు. కూలివాడు చూపించాలి. ఆ ఏడాది మొగుడు గల్ఫుకు పోయి, పెళ్ళాం చంటిబిడ్డను చూసుకుంటూ పనికి పోలేకపోతే ఆ ఇల్లు కూలి ఇల్లే కాదన్నమాట!

కార్డు అంటే బియ్యమేనా?

"6 కిలోల బియ్యం కోసం ఇంత రాద్ధాంతమా సారూ?" అని మా స్కూల్లో ఒకరు అన్నారు. మంచి జీతం తీసుకునేవాళ్ళకు అట్లాగే అనిపిస్తుంది.

కార్డు బియ్యం మాత్రమే కాదు. ఆస్పత్రి, ఉచిత కరెంటు, గ్యాసు రాయితీ, ఇల్లు, ఆడపిల్ల పెళ్ళి సాయం - ఏ దరఖాస్తు పెట్టినా ముందు అడిగేది ఆ కార్డునే. కార్డులోంచి పేరు పోయిందంటే సర్కారు లెక్కలో మనిషి పోయినట్టే. ఒకసారి పోయిన పేరు మళ్ళీ ఎక్కడం ఎంత కష్టమో తెలంగాణలో ఎవరిని అడిగినా చెబుతారు. కొత్త కార్డు కోసం, పుట్టిన బిడ్డ పేరు ఎక్కించడం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళు ఎన్ని లేవు?

పేర్లు పోవడం ఒక ఇంటి కథ కూడా కాదు. మన రాష్ట్రంలో రద్దు చేసిన సుమారు 19 లక్షల కార్డులను ఊళ్ళకు పోయి మళ్ళీ విచారించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ఇంటికి పోయి చూడకుండా కంప్యూటరు లెక్క మీద కొట్టేశారన్నది అక్కడి ఫిర్యాదు. 2025 జులైలో కేంద్రం ఇంకో నియమం తెచ్చింది. 6 నెలలు సరుకులు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపుతారు. 3 నెలల్లో విచారణ జరిపి అర్హత తేలుస్తారు. 5 ఏళ్ళకోసారి అందరూ ఇ-కేవైసీ చేయించుకోవాలి. ఇంట్లో ఒక్కరే ఉండి, ఆ ఒక్కరూ వలసపోతే కార్డు గతి ఏమిటో ఆలోచించండి.

"ఒకే దేశం ఒకే రేషన్ కార్డు" అని 2019లో మొదలుపెట్టారు. ఆ ఆగస్టులో మొదటగా కలిపిన జంటల్లో మన తెలంగాణ, ఆంధ్ర ఉన్నాయి. 2022 నాటికి దేశమంతా వచ్చింది. మంచి పనే. నిజామాబాదు కూలి బొంబాయిలో బియ్యం తీసుకోవచ్చు. అంటే వలసపోయినవాడు కూడా తినాలని సర్కారు ఒప్పుకున్నట్టే. కానీ ఆ ఒప్పుకోలు బొంబాయి విమానాశ్రయం గేటు దగ్గర ఆగిపోయింది.

వేరే దేశాల్లో ఏం చేస్తున్నారు?

"పరాయి దేశంలో పని వెతుక్కునేవాడికి సొంత దేశం సాయం చేస్తుందా? ఎక్కడన్నా ఉందా?" అని అడుగుతారు. ఉంది. యూరపు యూనియన్‌లో ఉంది.

అక్కడ పని పోయినవాడికి నిరుద్యోగ భృతి వస్తుంది. వాడు వేరే సభ్యదేశానికి పోయి పని వెతుక్కుందాం అనుకుంటే భృతిని వెంట తీసుకుపోవచ్చు. పద్ధతి ఇట్లా ఉంటుంది. సొంత దేశంలోని ఉపాధి కార్యాలయంలో కనీసం 4 వారాలు పేరు నమోదై ఉండాలి. పోయేముందు యు2 అనే కాగితం తీసుకోవాలి. కొత్త దేశంలో దిగిన 7 రోజుల్లో అక్కడి ఉపాధి కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. 3 నెలల దాకా సొంత దేశం భృతి ఇస్తుంది. ఆ దేశం ఒప్పుకుంటే 6 నెలల దాకా పొడిగిస్తారు. గడువు లోపల పని దొరకక తిరిగొస్తే మిగిలిన భృతి ఇంటి దగ్గర కొనసాగుతుంది. 883/2004 అనే నిబంధన అది. 2010 మే నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు కూడా ఇటువంటి ఏర్పాటే ఉండేది.

అందులో ఉన్న బుద్ధి గమనించండి. పని వెతుక్కోవడానికి పోవడం నేరం కాదు, అది కూడా ఒక పనే అని వాళ్ళు గుర్తించారు. దొరికేదాకా 3 నెలలు పడుతుందని లెక్క కట్టారు. దొరక్కపోతే తిరిగొస్తాడని ముందే అనుకుని తలుపు తెరిచి పెట్టారు.

"అది వాళ్ళు జీతంలోంచి కట్టుకున్న బీమా సొమ్ము. మీ బియ్యం అట్లా కాదు గదా" అనేవాళ్ళు ఉంటారు. సరే, మన లెక్క కూడా తీయండి. గల్ఫు కూలి పంపే పైసలు ఈ దేశపు విదేశీ మారకపు పెట్టెలో పడతాయి. 1990లో ఇరాక్ కువైటు మీద పడ్డప్పుడు లక్షా 70 వేల మంది దాకా మన మనుషులను విమానాల్లో తీసుకొచ్చారు. గల్ఫు పైసలు తగ్గడం కూడా 1991లో దేశం బంగారం కుదువపెట్టుకునే గతికి ఒక కారణమైంది. అంటే దేశం ఖజానా నిలబడ్డ గుంజల్లో ఒకటి మన కూలి భుజం. ఆ భుజం కదిలిపోతే తెలిసింది బరువు ఎవరు మోస్తున్నారో. మరి ఆ భుజానికి 6 కిలోలు ఎక్కువైనవా?

సర్కారుకు సాయాన్ని సముద్రం దాటించడం చేతకాదా అంటే అదీ కాదు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతోనే బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. ఈనాడు ఆయన పేరు మీదే మన రాష్ట్రంలో దళిత, గిరిజన పిల్లల విదేశీ చదువుకు 20 లక్షల దాకా ఇచ్చే విద్యానిధి ఉంది. చదువుకు పోయే బిడ్డ వెంట సాయం పోతుంది. మంచిది, పోవాలి. పని వెతుక్కుంటూ పోయే అన్న వెంట ఎందుకు పోదు?

కేంద్రం సంగతి చూడండి. పరదేశంలో పనిచేసే మనవాళ్ళు రెండు చోట్లా పింఛను చందా కట్టకుండా ఉండేందుకు, అక్కడి సర్వీసు కలిసేందుకు సామాజిక భద్రత ఒప్పందాలు చేసుకుంటోంది. 2006లో బెల్జియంతో సంతకం పెట్టింది. తర్వాత జర్మనీ, ఫ్రాన్సు, నెదర్లాండ్సు, దక్షిణ కొరియా, జపాను. సూటు వేసుకున్నవాళ్ళు పోయే దేశాలు ఉన్నాయి. సౌదీ, కువైటు, ఖతారు, ఒమాను, బహ్రెయిను, ఎమిరేట్సు - మన కూలీలు పోయే ఈ ఆరింటిలో ఒక్కటీ లేదు. ఇది ఊరికే మరిచిపోవడమా?

కేరళ మనలాంటి రాష్ట్రమే. 1996లోనే వలసపోయినవాళ్ళ కోసం ప్రత్యేక శాఖ పెట్టింది. 2008లో చట్టం చేసి సంక్షేమ బోర్డు పెట్టింది. సభ్యుడు నెలనెలా చందా కడతాడు, 60 దాటితే పింఛను వస్తుంది. మన దగ్గర 2024 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫులో చనిపోయిన కూలి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని. పోరాడితే వచ్చింది, తీసుకుందాం. కానీ ఒక మాట అడగాలి. శవపెట్టె వస్తేనే గుర్తుపడతారా? బతికి తిరిగొచ్చినవాడి పేరు కార్డులో ఎక్కించడానికి చేయి రాదా?

మన వైపు తప్పు కూడా చెప్పుకుందాం

నిజం మాట్లాడుకుందాం. మనలో కొందరు చేస్తున్నది కూడా సరిగా లేదు.

మొగుడు గల్ఫులో ఉన్నాడు. ఇంట్లో ఎవరో ఒకరు తంబు వేస్తే అందరి వాటా వస్తుంది. తీసుకుంటున్నారు. తీసుకున్నది ఇంట్లో పిల్లలు తింటే నాకు కోపం లేదు. కానీ కొన్నిచోట్ల ఆ వాటా డీలరుకే కిలో ఇంత అని అమ్ముతున్నారు. ఊళ్ళో లేనివాడి పేరు మస్టరులో రాయించి, వచ్చిన కూలిలో సగం రాయించినవాడికి ఇస్తున్నారు. ఆలోచించండి, ఆ దొంగలెక్కలో బాగుపడింది ఎవడు? మనకు వందలు, వాడికి వేలు. రేపు తనిఖీ వస్తే దొంగ అనిపించుకునేది మాత్రం మనమే. అప్పుడు వాడంతా దొంగలని ముద్ర వేసి అసలైనవాళ్ళ పేర్లు కూడా కొట్టేస్తారు. అబద్ధం మీద హక్కు నిలబడదు. లేనివాడిని ఉన్నాడని చూపించి దాక్కోవడం కంటే "పోయాడు, పని కోసం పోయాడు, అయినా వాడి పేరు మా కార్డులో ఉండాలె" అని నిలబడి అడగడం మేలు.

రెండో తప్పు, విజిట్ వీసా. విజిట్ వీసా మీద పోయి పని చేయడం అక్కడి చట్టం ఒప్పుకోదు. ఏజెంటు ఈ మాట చెప్పడు. పది పాసుకాని మనిషి పాస్‌పోర్టు మీద వలస తనిఖీ ముద్ర ఉంటుంది. గల్ఫు దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే 1983 వలస చట్టం కింద క్లియరెన్సు తీసుకోవాలి. అట్లా పోతే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలే. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు. ఏజెంటుకు 90,000 ఇచ్చినవాడికి 275 ఎక్కువా? విజిట్ వీసా మీద పోతే ఆ క్లియరెన్సు లేదు, దాని వెంట వచ్చే బీమా లేదు, కంపెనీ కాగితం లేదు. లైసెన్సు ఉన్న ఏజెంటు చట్టం ప్రకారం తీసుకోవలసింది 30,000, దాని మీద పన్ను. అంతకంటే ఎక్కువ అడిగినవాడిని రసీదు అడగండి. ఇవ్వడు. అక్కడే తెలిసిపోతుంది.

అయితే ఒక్క మాట. తప్పుదారిన పోయినవాడిని తిట్టి కూర్చుంటే మనమూ ఆ ఆసామి పక్కన నిలబడ్డట్టే. ఊళ్ళో పని ఉంటే ఎవడు పోతాడు? నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చుకుని ఎడారిలో పడడం ఎవరికన్నా సరదానా?

నాకు ఈ మాట చెప్పే హక్కు ఉంది. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. మా నాయన దొర దగ్గర జీతం ఉన్నాడు. మా అన్న మస్కటు పోయి రాళ్ళు మోస్తే ఆ పైసలతో నేను బి.ఇడి. చేశాను. అన్న పోయిన ఏడాదే కార్డులో అన్న పేరు కొట్టేశారు. అప్పుడు మిషను లేదు, డీలరు చేతిలో పెన్ను ఉండేది. మా అవ్వ ఆ నెల తక్కువ బియ్యం తెచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక పూట తినడం మానేసింది. నాకు ఇది తెలిసింది ఆమె పోయాక, మా వదిన చెబితే. నేను బడిలో పాఠం చెప్పే ప్రతి రోజూ అవ్వ మానేసిన ఆ పూటలు గుర్తొస్తాయి. కాబట్టి "దుబాయి పైసలు" అని ఎవరన్నా అంటే నాకు ఎగతాళిగా వినిపించదు. ఆ పైసల్లో ఎన్ని ఎండిన కడుపులున్నాయో నాకు తెలుసు.

మనం అడగవలసింది ఏమిటి?

ఒకటి. పేరు కొట్టేయొద్దు, ఆపి ఉంచండి. పంతులుకు సెలవు ఇచ్చినట్టే కూలికీ సెలవు రాయండి. కార్డును తాత్కాలికంగా ఆపే నియమం కేంద్రమే రాసింది గదా. ఆ ఆపడం మనిషి పేరుకు కూడా పెట్టండి. తిరిగొచ్చి తంబు వేసిన వారంలో పేరు లేవాలి. కొత్త దరఖాస్తు, కొత్త విచారణ అక్కర్లేదు.

రెండు. పని వెతుక్కుంటూ పోయినవాడి వాటా మొదటి 3 నెలలు ఇంటికి పూర్తిగా ఇవ్వండి. యూరపులో 3 నెలలు భృతి ఇస్తున్నారు. మనం అడిగేది 3 నెలల బియ్యం. మనిషికి 6 కిలోలు, మొత్తం 18 కిలోలు. మొదటి జీతం వచ్చేదాకా, మిత్తి కట్టేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలి. ఆ తర్వాత వాడి వాటా ఆపుకోండి, మేము వద్దనం. మాకు దొంగబియ్యం వద్దు, హక్కు బియ్యం కావాలి.

మూడు. ఇ-కేవైసీ గల్ఫులోని మన రాయబార కార్యాలయాల్లో చేయించుకునే ఏర్పాటు చేయండి. పాస్‌పోర్టు అక్కడ మార్చి ఇస్తున్నప్పుడు వేలిముద్ర తీసుకోవడం కష్టమా?

నాలుగు. ఒకరు వలసపోయారన్న కారణం చూపి ఇంట్లో మిగిలినవాళ్ళకు ఆస్పత్రి, పింఛను, ఇల్లు ఏదీ ఆపొద్దు. కూలి కుటుంబానికి ఇచ్చే సాయానికి మస్టరు షరతు పెట్టినప్పుడు, మనిషి వలసలో ఉన్న ఇంటికి ఆ షరతు తీసేయండి. భూమి ఉన్నవాడికి లేని షరతు భూమి లేనివాడికి ఎందుకు?

సంఘం చేయవలసిన పని

అడిగితే సరిపోదు. ప్రతి వాడలో ఒక రిజిస్టరు పెట్టండి. రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. ఎవరు పోతున్నారు, ఏ వీసా మీద, ఏజెంటు ఎవరు, ఎంత కట్టారు, ఎప్పుడు పోయారు - రాయండి. పాస్‌పోర్టు, వీసా, బీమా కాగితం జిరాక్సులు ఇంట్లో ఒకటి, సంఘంలో ఒకటి ఉంచండి. పోయేముందే తంబు వేయించండి. "పని కోసం పోతున్నాను, నా పేరు తీసేయవద్దు" అని తహసీల్దారుకు కాగితం ఇచ్చి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఇవాళ దాంతో పని జరగకపోవచ్చు. రేపు పేరు పోతే ఆ స్టాంపే సాక్ష్యం.

పేరు పోయిందని తెలిస్తే డీలరుతో కొట్లాట పెట్టుకోవద్దు. పేరు తీసేది డీలరు కాదు. 2013 ఆహార భద్రత చట్టం కింద ప్రతి జిల్లాకు ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి, రాష్ట్రానికి ఆహార కమిషన్ ఉండాలి. నోటిమాట కాదు, కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్కరు పోతే "పై నుంచి రావాలె" అంటారు. ఇరవై మంది ఇరవై కాగితాలతో పోతే కుర్చీ వేసి కూర్చోమంటారు. ఇది నా అనుభవం.

చనిపోయినవాళ్ళ ఇళ్ళకు ముందు పోండి. 5 లక్షల దరఖాస్తు కలెక్టరుకు ఆలస్యం లేకుండా పెట్టించండి. గుండె ఆగి చనిపోతే ప్రమాద బీమా రాదు. అప్పుడు ఆ ఇంటికి మిగిలేది ఈ 5 లక్షలే.

ఆ రాత్రి లెక్క అంతా వేసుకుని తెల్లారి ఆసామి ఇంటి ముందు నుంచే బడికి పోయాను. గడపలో కూర్చుని ఉన్నాడు. "ఏం పంతులూ, మీ చెల్లె బియ్యం సంగతేమాయె?" అన్నాడు. నేను నిలబడి అన్నాను: "పటేలా, మీ అబ్బాయి పొలానికి వచ్చే పైసలకు ఆయన అమెరికా నుంచి వచ్చి తంబు వేస్తున్నడా?"

జవాబు రాలేదు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ చెల్లె పెనిమిటి పేరు ఇంకా కార్డులో ఎక్కలేదు. పోయిన సోమవారం మేము పదకొండు మందిమి కాగితాలు పట్టుకుని పోయాము. వచ్చే సోమవారం మళ్ళీ పోతున్నాము. ఈసారి దుకాణం ముందు నవ్వినవాళ్ళలో ఇద్దరు మా వెంట వస్తామన్నారు. వాళ్ళ ఇళ్ళలో కూడా ఒక్కో పేరు పోయిందట.

జై భీమ్.